పొగకు వారాలు తెలియవు

తెర మీద గీతలు కదలడం ఆగిపోయాక కూడా హైమావతి కూర్చోలేదు. పొద్దున తొమ్మిదింటికి ఈ ప్రయోగశాలలో అడుగుపెట్టింది మొదలు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. డాక్టర్ కూర్మనాథం మాత్రం స్టూలు మీదనుంచి కదల్లేదు. ఆయన ఎదురుగా గాజుపలక మీద ఒక ఏడేళ్ళ పిల్ల పాలపన్ను, ఉల్లిపొరంత పల్చగా కోసినది, దీపం కింద తేనెరంగులో మెరుస్తోంది.

"ఇది పుట్టిన గీత," అన్నాడాయన, మిగతావాటికన్నా లావుగా ఉన్న గీత మీద వేలు పెట్టి. "దీనికి ఎడమవైపువన్నీ కడుపులో ఉన్న రోజులు. కుడివైపువి బయటికొచ్చాక."

బిడ్డ కడుపులో ఉండగానే పాలపన్ను తయారవడం మొదలవుతుంది. రోజుకో పొర చొప్పున పేరుకుంటుంది. పుట్టిన రోజు ఒంటికి తగిలే అదురు కూడా పంటిలో గీతై మిగులుతుంది. కూర్మనాథం నాలుగేళ్ళు కష్టపడి కట్టిన యంత్రం ఆ పొరల మీద ఒక్కొక్కటిగా నడిచి, ఏ రోజున ఒంట్లోకి ఏం చేరిందో చెబుతుంది. పసివాళ్ళకి ఎప్పుడు తిండి చాల్లేదో తెలుసుకుందామని ఆయన దాన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడది పాదరసాన్ని వెతుకుతోంది.

న్యాయకళాశాలలో పర్యావరణ న్యాయసహాయ క్లినిక్ హైమావతిది. దాన్ని ఆమే పెట్టింది, ఆమే నడుపుతోంది. చివరి సంవత్సరం పిల్లలు పదిమంది, అసలైన కక్షిదారులు, అసలైన కేసులు. రెండేళ్ళుగా వాళ్ళ చేతిలో ఉన్న కేసు ఉప్పుగెడ్డపాలెంది. సముద్రానికీ రంగుల కంపెనీ గోడకీ మధ్య ఇరుక్కున్న జాలరి పేట అది. అక్కడ పదకొండుమంది పిల్లలకి చేతులు వణుకుతాయి, మాట సరిగా వినపడదు. పలక మీద అక్షరం దిద్దమంటే గీత నిలవదు. కంపెనీ గొట్టం నుంచి వచ్చే పొగే కారణమని హైమావతి హరిత న్యాయస్థానంలో దావా వేసింది. పొగలో పాదరసం ఉందో లేదో కొలవడానికి కంపెనీ రెండేళ్ళూ గేటు తియ్యలేదు. అందుకే ఆమె పళ్ళ దగ్గరికి వచ్చింది.

పళ్ళు దొరకడం కూడా సులువు కాలేదు. ఊడిన పాలపన్నును పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసరడం ఆ పేటలో ఆచారం. పోయినేడాది వేసవిలో లా చదివే పిల్లలు నిచ్చెనలేసుకుని పెంకుల మధ్య పళ్ళు వెతికారు. ఏ పన్ను ఎవరిదో తేలక అవన్నీ పనికిరాకుండా పోయాయి. చివరికి ఆ పేటలో దావాకి ముందు నిలబడ్డ నూకరత్నమే ఇంటింటికీ తిరిగి, ఇకమీదట ఊడే పన్ను కప్పు మీదికి కాదు, నా చేతికి ఇవ్వండని తల్లుల్ని ఒప్పించింది. మొదటి పన్ను ఆమె కూతురు పైడిదే. ఇప్పుడు దీపం కింద ఉన్నది అదే.

"మేడం, ఒకసారి ఇటు చూస్తారా," అంది జయంతి.

సవర జయంతి సీతంపేట కొండల నుంచి వచ్చింది. క్లాసులో ఎప్పుడూ చివరి వరసలో కూర్చుంటుంది, అడిగితే తప్ప నోరు విప్పదు. ఆమె తెరకి బాగా దగ్గరగా వంగి, గీతల్ని పెన్ను మొనతో దాటుకుంటూ వెళ్తోంది. ఆరు గీతలు మామూలుగా ఉన్నాయని, ఏడోదాని దగ్గర పాదరసం లేస్తోందని, మళ్ళీ ఆరు, మళ్ళీ ఏడోదని చెప్పింది. పుట్టిన గీతకి అటూ ఇటూ అంతా అలాగే ఉంది.

"మా ఊరి సంతలాగ వారానికోసారి వస్తోంది మేడం. గొట్టంలోంచి రోజూ పొగ వస్తుంది. పొగకి వారాలు తెలీవు కదా."

హైమావతి ఆగిపోయింది. కూర్మనాథం పైడి పుట్టిన తేదీ అడిగాడు. ఫైల్లో ఉంది. ఆయన దాన్ని యంత్రానికి ఇచ్చాడు. గీతలకింద తేదీలు, వాటికింద వారాలు వచ్చాయి. లేచిన ప్రతి గీత కిందా గురువారం అని ఉంది.

గురువారం ఉప్పుగెడ్డపాలెంలో ఏం జరుగుతుందో హైమావతికి తెలుసు. తన కళ్ళతో ఎన్నోసార్లు చూసింది. ఆ రోజు కంపెనీ వెనక గేటు నుంచి ఖాళీ నీలం డ్రమ్ములు బయటికొస్తాయి. నూకరత్నం వాటిని తోపుడుబండి మీద వేసుకుని తెచ్చి, గెడ్డవాగు ఒడ్డున చింతపండూ బూడిదా వేసి మూడుసార్లు తోమి, ఎండబెట్టి అమ్ముతుంది. పేటకి నీళ్ళ కొళాయి లేదు. ట్యాంకరు వచ్చిన రోజు నీళ్ళు పట్టుకోవడానికి ప్రతి ఇంట్లోనూ ఒక నీలం డ్రమ్ముంది. అన్నీ నూకరత్నం చేతిమీదుగా వెళ్ళినవే.

మిగతా పది పళ్ళూ నాలుగు రోజుల్లో చదివారు. వాటిల్లో గురువారాలు లేవు. ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క రోజు దాకా ఏమీ లేదు, ఆ రోజు నుంచి ఒక్కసారిగా పైకి లేచి అలాగే నిలబడిపోయింది. చిన్నమ్మి కొడుకు అప్పన్న పంటిలో ఆ రోజు పుట్టిన గీతకి ఇరవై ఒకటోది. యోనా అనే కుర్రాడు, క్లినిక్కులో అందరికన్నా చురుకైనవాడు, ఏదో వేరే పని ఉన్నట్టు వెళ్ళి చిన్నమ్మిని మాటల్లో పెట్టాడు. ఇంట్లో డ్రమ్ము ఎప్పటిదని అడిగాడు. బారసాలకి చుట్టాలొస్తారని నూకరత్నం తెచ్చిచ్చిందని, ఊరికే ఇచ్చిందని, పిల్లోడికి మేనత్త వరస కదా అని చిన్నమ్మి మురిపెంగా చెప్పింది. యోనా తిరిగొచ్చి ఆ సంగతి చెప్పి, పంటి లెక్క పక్కన రాశాడు.

వాయిదా ఇంకా తొమ్మిది రోజులుంది.

కూర్మనాథం ఆ సాయంత్రం హైమావతిని టీకి పిలిచి, చల్లగా ఒక మాట చెప్పాడు. నివేదికలో రోజువారీ లెక్క ఇవ్వాలని ఎక్కడా లేదు. మూడేసి నెలల సగటు ఇవ్వొచ్చు. సగటు తీస్తే వారాలు కలిసిపోతాయి, మొదలైన రోజులు కూడా చెరిగిపోతాయి. కంపెనీ పక్కనున్న పేటలో పిల్లలందరి పళ్ళలోనూ కంపెనీలో వాడే పాదరసమే ఉందని మాత్రం తేలుతుంది.

"అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదమ్మా," అన్నాడాయన. "నేను దీన్ని తల్లుల మీద సాక్ష్యం చెప్పడానికి కట్టలేదు."

ఆయన పెద్దమనిషి. జాలిపడి చెప్పాడని హైమావతికి తెలుసు. టీ సగంలో వదిలేసి వచ్చేసింది.

మర్నాడు పొద్దున ఇంట్లో వంట చేస్తూ కిటికీలోంచి చూస్తే, కింద వాచ్‌మన్ భార్య చంటిదానికి స్నానం చేయిస్తోంది. పక్కన నీలం డ్రమ్ము. హైమావతి గరిటె అలాగే వదిలి మెట్లు దిగి వెళ్ళి, అదెక్కడ కొన్నావని అడిగింది. పాత సామాన్ల కొట్లో అని ఆ పిల్ల బెదురుగా చెప్పింది, ఏం తప్పు చేసిందో తెలియక. పైకొచ్చేసరికి కూర మాడింది. రైల్వేలో పనిచేసే ఆమె భర్త జగదీశ్ స్టవ్వు ఆపేసి నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాడు. ఆమె చెప్పలేదు. కక్షిదారుల సంగతి ఇంట్లో చెప్పకూడదని పిల్లలకి పాఠం చెప్పేది తనే.

కాలేజీకి వెళ్ళే దారి పొడుగునా ఆమెకి నీలం డ్రమ్ములే కనిపించాయి. టిఫిన్ బండి కింద ఒకటి. కట్టే ఇంటి ముందు నాలుగు. చెరకురసం బండి దగ్గర, పూలమొక్కల తోటలో, కాలేజీ క్యాంటీన్ వెనక కూడా. ఇన్నేళ్ళూ అవి అక్కడే ఉన్నాయి, ఆమె చూడలేదు. వాటిలో ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికి తెలుసు.

ఆ రోజు క్లాసులో ఆమె కూర్మనాథం చెప్పిన మాట దాచకుండా పిల్లల ముందు పెట్టింది. ఎవరు చెప్పారన్నది మాత్రం చెప్పలేదు. యోనా వెంటనే లేచాడు. సగటే ఇద్దామన్నాడు. పదకొండు కుటుంబాలకి న్యాయం జరగాలి, నూకరత్నం బతకాలి, రెండూ జరిగే దారి అదొక్కటే. రోజువారీ లెక్క బయటపడితే కంపెనీ వకీలు ఏమంటాడు, మాకేం సంబంధం, మీలో ఒకామె చేసిన పని అంటాడు. పేటలో ఆమెని ఎవరైనా ఇంట్లోకి రానిస్తారా.

జయంతి చివరి వరసలోంచి మాట్లాడింది. "ఆ డ్రమ్ములు ఇంకా ఇళ్ళల్లో ఉన్నాయి మేడం. ఇవాళ కూడా వాటిల్లో నీళ్ళే తాగుతున్నారు."

హైమావతికి సిగ్గేసింది. ఇన్ని రోజులుగా నివేదిక గురించీ, వాయిదా గురించీ ఆలోచిస్తోంది. నీళ్ళు తాగుతున్నారన్న సంగతి తెలియక కాదు. దాన్ని పక్కకి నెట్టి కేసు గురించి ఆలోచించడం తనకి ఇంత అలవాటైపోయిందని తెలియలేదు. ఆ మధ్యాహ్నమే జిల్లా అధికారుల కాళ్ళావేళ్ళా పడి పేటకి రోజూ ట్యాంకరు, కొత్త స్టీలు బిందెలు వెళ్ళే ఏర్పాటు చేసింది. పాత డ్రమ్ముల్లో నీళ్ళు పట్టొద్దని, పరీక్షలు జరుగుతున్నాయని మాత్రం ఊరికి చెప్పించింది.

ఇంకొక ముడి ఉంది. పదకొండు కుటుంబాలూ క్లినిక్కు కక్షిదారులే. రేపు చిన్నమ్మి, మా పిల్లాడికి ఈ గతి పట్టించింది నూకరత్నమని అంటే, ఆ ఇద్దరి తరఫునా ఒకే వకీలు నిలబడకూడదు. ఒకరి రహస్యం ఇంకొకరికి చెప్పకూడదు, చెప్పకుండా ఉండకూడదు. పుస్తకంలో ఈ పాఠం హైమావతి పద్దెనిమిదేళ్ళుగా చెబుతోంది. ఎప్పుడూ గంటలో అయిపోయేది.

శనివారం ఆమె జయంతిని వెంటబెట్టుకుని ఉప్పుగెడ్డపాలెం వెళ్ళింది. నూకరత్నం వలలు ఆరేసే చోట ఎండుచేపలు తిరగేస్తోంది. ముప్పై రెండేళ్ళుంటాయి, చూస్తే ఇంకా పెద్దదనిపిస్తుంది. భర్త బోటు మీద పారాదీపు వైపు పోయి నెలకోసారి వస్తాడు. దావా కోసం సంతకాలు పెట్టించింది, పిల్లల్ని ఆస్పత్రికి తిప్పింది, కంపెనీ గేటు ముందు కూర్చుంది అన్నీ ఆమే. హైమావతిని చూడగానే పన్ను చదవడం అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందని చెబితే, తనకి చూడాలనుందంది. మీరు చెప్పడం కాదు, తానే కళ్ళారా చూడాలంది.

దారిలో జీపులో హైమావతి మాటలు కూర్చుకుంటూనే ఉంది, ఒక్కటీ నిలబడలేదు.

కూర్మనాథం యంత్రం పెట్టి, తను పక్కగదిలోకి వెళ్ళిపోయాడు. తెర మీద పైడి పన్ను వచ్చింది. నూకరత్నం దాన్ని చేపల వల చూసినంత శ్రద్ధగా చూసింది. హైమావతి ఏదీ దాచలేదు. ఆరు గీతలూ ఏడో గీతా చూపించింది, గురువారాలు చూపించింది. డ్రమ్ముల గోడలకి పట్టిన మందు తోమినా పోదని, తోమేటప్పుడు వచ్చే ఆవిరి కూడా విషమేనని చెప్పింది. తప్పు నీది కాదని మూడుసార్లు చెప్పింది. అది నూకరత్నానికి వినపడినట్టు లేదు.

"పుట్టిన గీత ఏది?" అని అడిగింది.

జయంతి చూపించింది.

"ఈ గీతకి ముందు నాను దాన్ని మోత్తన్నాను. అప్పుడూ ఉందేటి?"

హైమావతికి అబద్ధం చెప్పాలనిపించింది. జీవితంలో ఎన్నడూ అంతగా అనిపించలేదు. "ఉంది," అంది.

నూకరత్నం తెర మీద వేలు పెట్టి, ఎడమవైపు గీతల మీదుగా చివరిదాకా తీసుకెళ్ళింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. కడుపుతో ఉన్నప్పుడు తొమ్మిదో నెల దాకా డ్రమ్ములు మోసేనని, ఆ పని చేస్తే కాన్పు సులువవుతాదని అత్త అందని, నిజంగానే సులువైందని చెప్పింది. తర్వాత ఇంకొకటి అడిగింది, మిగతా పిల్లల పళ్ళలో ఏముందని.

అది వాళ్ళ రహస్యమని హైమావతి చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. నూకరత్నం తనే వేళ్ళు మడుచుకుంటూ ఏ ఇంటికి ఎప్పుడు డ్రమ్ము ఇచ్చిందో తలుచుకుంది. అప్పన్న బారసాల దగ్గరికి వచ్చేసరికి వేలు మడవలేక ఆగిపోయింది.

అప్పుడు హైమావతి చెప్పాల్సిన రెండో మాట చెప్పింది. ఇకమీదట క్లినిక్కు ఆమె తరఫున నిలబడలేదని, ఆమెకి ఆమె మంచి మాత్రమే చూసే వకీలు కావాలని, పాణిగ్రాహిగారని పెద్ద వకీలు ఒప్పుకున్నారని. అన్నీ చట్టం చెప్పినట్టే చెప్పింది. నూకరత్నం ఆమె మొహంలోకి చూసింది.

"అంటే నన్నొదిలేత్తన్నారు."

"వదలడం కాదు నూకరత్నం. రేపు వాళ్ళకీ నీకూ పేచీ వస్తే—"

"నాకు సదువు రాదు మేడంగారూ. ఒదిలీడం తెలుసు."

ఆమె జీపు ఎక్కనంది. బస్సు మీద పోతానని వెళ్ళిపోయింది. జయంతి ఆమె వెనకే పరుగెత్తి, బస్సులో ఆమె పక్కన కూర్చుని పేట దాకా వెళ్ళి వచ్చింది. దానికి హైమావతి అనుమతి అడగలేదు.

మధ్యలో రెండు రోజులు ఏ కబురూ లేదు. హైమావతి ఫోను చేతిలోంచి దించలేదు. కాగితాలు తిరగేసింది, క్లాసులో ఒక కేసు పేరు బదులు ఇంకొకటి చెప్పింది. పాణిగ్రాహిగారు ఫోను చేసి, పైడి పంటి లెక్క బయటపెట్టే విషయంలో నూకరత్నం ఇష్టమే ఇష్టం, మీరూ నేనూ చెయ్యగలిగింది లేదన్నారు. నూకరత్నం ఒప్పుకోకపోతే రోజువారీ లెక్క న్యాయస్థానానికి ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. యోనా రెండు రకాల నివేదికలకీ వాదన రాసి తెచ్చాడు. రెండూ బాగానే ఉన్నాయి. హైమావతి రెండూ చదివి, రెండూ బల్ల మీద పెట్టి, లేచి మళ్ళీ నడవడం మొదలుపెట్టింది.

మంగళవారం సాయంత్రం నూకరత్నం పేటలో ఆడవాళ్ళందర్నీ వలలు ఆరేసే చోటికి పిలిచింది. పాణిగ్రాహిగారు వద్దని ఎంత చెప్పినా వినలేదు. హైమావతి వెళ్ళేసరికి చెప్పడం మొదలైపోయింది. నూకరత్నం నిలబడి, ఎవరి ఇంటికి ఏ డ్రమ్ము ఎప్పుడిచ్చిందో పేరుపేరునా చెప్పింది. దేన్నీ తగ్గించలేదు. నాకు తెలియదనీ అనలేదు. చిట్టచివర చిన్నమ్మి వైపు తిరిగి, బారసాలకి ఇచ్చిన డ్రమ్మే నీ కొడుకు చెవులు తీసిందని చెప్పింది.

చిన్నమ్మి లేచి వచ్చి ఆమె చెంప మీద కొట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు చిన్నమ్మిని పట్టుకుని తీసుకుపోయారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. నూకరత్నం మేనత్త కూడా ఆమె పక్కన ఆగలేదు. మూడు కుటుంబాలు మర్నాడే దావాలోంచి తప్పుకున్నాయి, వాటిల్లో చిన్నమ్మిది లేదు.

అందరూ వెళ్ళాక నూకరత్నం హైమావతి దగ్గరికి వచ్చింది. రోజులున్న కాగితమే ఇవ్వమంది. "నెలల కాగితమిత్తే నాను తప్పించుకుంటాను. గేటు తీసి డ్రమ్ములిచ్చిన కంపెనీవోడూ తప్పించుకుంటాడు," అంది. నెలల కాగితం సంగతి ఆమెకెవరు చెప్పారో హైమావతికి తెలుసు. వెంట వచ్చిన జయంతి నేల చూస్తోంది. మామూలుగా అయితే క్లినిక్కు మాట బయటపెట్టినందుకు గట్టిగా మందలించాల్సిందే. ఆ వారంలో తాను చేసినవాటిలో ఏవి తప్పో ఏవి ఒప్పో ఆమెకే తేలలేదు.

వాయిదా రోజున హరిత న్యాయస్థానం హాలు నిండిపోయింది. కూర్మనాథం నివేదిక చదివాడు, రోజువారీ లెక్కే. కంపెనీ వకీలు ఊహించినట్టే సంతోషించాడు. పొగ కేసు పోయిందన్నాడు. ఖాళీ డ్రమ్ములు ముక్కలు చేయించినట్టు తమ దగ్గర రాతపూర్వకంగా ఉందని, ఎవరో దొంగతనంగా పట్టుకెళ్ళి అమ్ముకుంటే కంపెనీ ఏం చేస్తుందని అడిగాడు. నూకరత్నాన్ని బోనెక్కించమన్నాడు.

పాణిగ్రాహిగారు ఆమెకి ముందే చెప్పారు, నేరం ఒప్పుకునే ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదని. ఆమె తల ఊపింది. బోనులో మాత్రం అన్నిటికీ జవాబు చెప్పింది. వెనక గేటు దగ్గర కాపలావాడు ప్రతి గురువారం తానే తలుపు తీసి డ్రమ్ములు దొర్లించేవాడని, ఎనిమిదేళ్ళలో ఏ గురువారమూ తప్పలేదని చెప్పింది.

"అంటే విషం డ్రమ్ములు మీ వాళ్ళకే అమ్మానని ఒప్పుకుంటున్నారు," అన్నాడు వకీలు, చాలా మర్యాదగా.

"అమ్మేను బాబూ. నాకు ఇసమని తెలదు. ఆటి మీద ఇంగిలీసులో ఏదో రాసుండేది, అది తోమీసి పోగొట్టీదాన్ని. బాగుండాలని." ఆమె ఊపిరి తీసుకుంది. "మీకు సదువొచ్చు. అది ఇసమని మీకు తెలుసు. ఎనిమిదేళ్ళు నాను గేటుకాడ నిలబడ్డాను గదా, ఒక్కరోజు ఒక్కమాట ఎందుకు సెప్పనేదు?"

వకీలు ఇంకో ప్రశ్న అడగడానికి కాగితం తిప్పాడు. తిప్పిన కాగితం చదవలేదు. ఇక ప్రశ్నలు లేవన్నాడు.

తర్వాత హైమావతి లేచి, దావాను సవరించమని కోరింది. పొగ మీద వేసిన దావా డ్రమ్ముల మీదికి మారింది. విషం నింపిన పాత్రను నాశనం చేసేదాకా దాని బాధ్యత నింపినవాడిదేనన్న చట్టం పాతదే. ఆ వాదన ఆమె చెయ్యలేదు, న్యాయమూర్తుల అనుమతితో యోనా చేత చేయించింది. అతను మొదట తడబడ్డాడు. తర్వాత నిలదొక్కుకున్నాడు. ఆఖర్న కాగితం మూసేసి, మూడు నెలల సగటు తీసి ఈ వారాలను దాచేద్దామని క్లాసులో వాదించింది తానేనని న్యాయమూర్తులకి చెప్పేశాడు. అది చెప్పాల్సిన అవసరం లేదు. హైమావతి అతన్ని ఆపలేదు.

ఆరు వారాలకి తీర్పు వచ్చింది. డ్రమ్ము గేటు దాటినంత మాత్రాన బాధ్యత గేటు దాటదని రాశారు. పిల్లల వైద్యం జీవితాంతం కంపెనీయే చూడాలి, పేటకి మంచినీళ్ళ కొళాయిలు వెయ్యాలి, బయటికెళ్ళిన ప్రతి డ్రమ్మునూ వెతికి వెనక్కి తీసుకోవాలి. నూకరత్నం మీద ఏ చర్యా వద్దన్నారు. కాలేజీలో స్వీట్లు పంచారు. పైడి చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి. నరాల్లోకి దిగిన పాదరసాన్ని బయటికి లాగే మందు లేదని డాక్టర్లు ముందే చెప్పారు. కూర్మనాథం తన గదికి వచ్చే ఉత్తరాల కట్ట చూపించాడు. ఎక్కడెక్కడి తల్లులో పిల్లల పళ్ళు పొట్లాలు కట్టి పంపుతున్నారు. ఏ రోజు ఏమైందో చెప్పమంటున్నారు. చెబితే ఏమవుతుందో వాళ్ళకి తెలియదని, చెప్పకుండా ఉండే హక్కు తనకుందో లేదో తనకి తెలియదని ఆయన అన్నాడు.

డ్రమ్ములు వెతికే పని కంపెనీ మనుషులవల్ల కాలేదు. ఎవరింటికి ఏది వెళ్ళిందో రాసిపెట్టినవాళ్ళు లేరు. అన్నీ గుర్తున్నది నూకరత్నానికే. పేటలో ఆమెతో ఇంకా ఎవరూ మాట్లాడటం లేదు. చిన్నమ్మి మాత్రం ఆమె లేనప్పుడు పైడికి అన్నం పెడుతోందని, తిరిగొచ్చాక మాత్రం మొహం చూడదని జయంతి చెప్పింది. ఆదివారం ఆదివారం నూకరత్నం బయల్దేరి, పక్క ఊళ్ళల్లో తాను అమ్మిన ఇళ్ళకి వెళ్తోంది. జయంతీ యోనా వెంట వెళ్తున్నారు. మూడో ఆదివారం హైమావతి కూడా వెళ్ళింది.

హైవే దాటాక ఒక కాలనీ. నూకరత్నం ఏ ఇంటి ముందూ తడుముకోలేదు. నాలుగో ఇంట్లో తలుపు తీసిన పిల్ల కడుపుతో ఉంది, ఏడో నెల ఉంటుంది. పెరట్లో నీలం డ్రమ్ము నిండా నీళ్ళు. హైమావతి ముందుకొచ్చి తీర్పు సంగతి చెప్పబోయింది. నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరుండండి. ఇది నాను సెప్పాల."

చెప్పింది. ఇది నానమ్మిందే, ఇందులో ఇసముంది, ఈ నీళ్ళు తాగొద్దు, తాకొద్దు, పారబొయ్యొద్దు, కంపెనీ బండి వచ్చి పట్టుకుపోతాది, నువ్వు ఇవాళే ఆస్పత్రికెళ్ళు అని. ఇలాంటివి తాను తోమినందుకు కూతురికేమైందో కూడా చెప్పింది. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకి జారబడింది. లోపల్నుంచి అత్త వచ్చి విషయం విని, తిట్టడం మొదలుపెట్టింది. వంశం ఎత్తి తిట్టింది, బిడ్డ ఎత్తి తిట్టింది. నూకరత్నం తలొంచుకోలేదు, బదులు చెప్పలేదు. ఆమె తిట్టడం పూర్తయ్యేదాకా ఎండలో నిలబడింది. యోనా డ్రమ్ముకి ఎర్ర పట్టీ చుట్టాడు. జయంతి ఆ పిల్ల పక్కన చతికిలబడి ఆస్పత్రి పేరు, అక్కడ అడగాల్సిన డాక్టరు పేరు చెప్పింది.

తిట్టి తిట్టి అలిసిపోయిన అత్త అరుగు మీద కూలబడింది. కాసేపటికి, ఎవరితోనూ కాదన్నట్టు, ఇంకో డ్రమ్ము కూడా ఉండేదని అంది. పోయినేడాది ఆడపడుచు కడుపుతో ఉంటే నీళ్ళకి కష్టపడుతోందని ఆమెకిచ్చి పంపించామంది. అది నూకరత్నం జ్ఞాపకంలో లేని ఇల్లు. ఆమె మొదటిసారి ఎండలోంచి అరుగు దగ్గరికి వచ్చి, ఆ పెద్దామె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏ ఊరమ్మా?" అని అడిగింది.

బొబ్బిలి అవతల ఏదో పల్లె. అక్కడికి రెండు బస్సులు మారాలి. ఇవాళ వెళ్తే రేపటికి గాని తిరిగి రాలేరు. నూకరత్నం అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. యోనా హైమావతి వైపు చూశాడు.

"రేపు పొద్దున మనకి క్లాసుంది మేడం."

"ఉంది," అంది హైమావతి, సంచి భుజాన వేసుకుంటూ. "అందర్నీ అక్కడికే రమ్మను."